ముక్కు దగ్గర బెజ్జం

చెక్కల దుకాణం, వెనక గది
మంగళవారం

వదినగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం. మామయ్యగారి పెద్ద చిత్రిక ఒక్కటే బాగాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోను చేస్తే పోయేదిగా అంటారు. ఫోనులో పొట్టు చూపించలేను కదా. కవరులో మడిచి పెట్టింది చెత్త కాదు, చెక్క మీద చిత్రిక పట్టగా వచ్చిన పొర. విరగకుండా తీసి చూడండి.

జరిగిందేమిటంటే, కాఫీ హోటలు కట్టుకుంటున్న ఒకాయన ఆమధ్య మీ తమ్ముడి దగ్గరికి వచ్చారు. పాత రంపాలు, ఉలులు ఉంటే గోడకి తగిలిస్తాం, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి అన్నారు. మీ తమ్ముడు సరేనని మామయ్యగారి పనిముట్ల పెట్టె అటక మీంచి దింపించారు. నేను వెళ్ళి ఆ పెట్టె మూత మీద కూర్చున్నాను. "లే, ఆయన చూడాలి" అన్నారు మీ తమ్ముడు. "నన్ను చూసి వెళ్ళమనండి" అన్నాను. ఆయన కాసేపు నించుని వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచీ నాకు వేరే పని లేదు. కుట్టుమిషన్లు విప్పి బిగించిన చేతులివి. మా రిపేరు షెడ్డు మూతపడ్డాక ఈ దుకాణంలో బిల్లులు రాస్తూ కూర్చుంటే చేతులకి తుప్పు పట్టినట్టే ఉండేది. ఇప్పుడు తుప్పు నేనే వదిలిస్తున్నాను. ఉలులన్నీ వెనిగర్లో నానబెట్టి, తోమి, సానరాయి మీద నూరాను. రంపం పళ్ళు ఒక్కొక్కటీ ఆకురాయితో గీసి నిలబెట్టాను. చేతి మీద వెంట్రుకలు ఉలితో గొరిగి మీ తమ్ముడికి చూపించాను. "ఇహ నీతో జాగ్రత్తగా ఉండాలి" అన్నారు.

పెద్ద చిత్రిక మాత్రం మొండిది. నేను కాపురానికి వచ్చేసరికే దుకాణంలోకి మిషన్లు వచ్చేశాయి, దాన్ని మామయ్యగారు వాడగా నేను చూడలేదు. నా చెయ్యంత పొడుగు, చంటిపిల్లని ఎత్తుకున్నంత బరువు. కోసే ఇనుప పలకని బిగించి ఉంచే చీల పట్టేస్తే కిరోసిన్ పోసి వదిలించాను. పురుగు తిన్న చోట్లన్నీ పూడ్చాను. చెక్కకి అవిసె నూనె పట్టించాను. ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టరు.

ఇంత తొందర ఎందుకంటే, లైబ్రరీలో చదువుకునే గదిలో మామయ్యగారు చేసిన పొడుగు బల్ల ఉంది కదా. కప్పు కారి, ఆ నీళ్ళకి బల్ల పైభాగం వంపు తిరిగి గరుకెక్కిపోయింది. మా మిషన్లో అంత బల్ల పట్టదు. దాన్ని తీసేసి పైన రంగు రేకు అతికించిన బల్ల వేయిస్తామని లైబ్రేరియన్ గారు అన్నారు. నేను నోరు జారి, చేత్తో చిత్రిక పట్టి కొత్తదానిలా చేసిస్తానన్నాను. కప్పు బాగుచేసి లైబ్రరీ మళ్ళీ తెరిచేలోపు అవ్వాలి.

పొర చూసి ఏమైనా చెప్పగలరా? మామయ్యగారి పని దగ్గరుండి చూసినవారు మీరే.

మీ మరదలు


నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు
శనివారం

మరదలా,

పెట్టె ఎవరిని అడిగి తెరిచావు? మా నాన్న పోయినప్పుడు నేను ఒకే ఒక్కటి అడిగాను, ఆ పెద్ద చిత్రిక. బంగారం అడగలేదు, వాటా అడగలేదు. మా తమ్ముడు "చూద్దాంలే అక్కా" అన్నాడు. వాడి చూద్దాం సంగతి నీకు తెలియనిది కాదు. ఇప్పుడు కాఫీ హోటలు గోడకి చూద్దామనుకున్నాడన్నమాట. మూత మీద కూర్చున్నందుకు నిన్ను మెచ్చుకోవాలి. అడక్కుండా తెరిచినందుకు తిట్టాలి. రెండూ చేశాననుకో.

మా ముందు గదిలో అద్దాల బీరువాలో పై అర దానికోసం ఖాళీ చేసి ఉంచాను. మీ అన్నయ్యగారు అక్కడ పంపుహౌసు వాళ్ళిచ్చిన షీల్డు పెట్టుకుంటానంటే కూడా ఒప్పుకోలేదు.

అయితే ఆ బల్ల మాట వేరు. లైబ్రరీ బల్ల తీసేస్తామంటే నాకు కడుపు రగిలింది. మా నాన్నని ఊరంతా గీత మేస్త్రి అనేవారంటే ఆ బల్ల అంచు చూసే. ఒక కన్ను మూసి ఈ చివరినుంచి ఆ చివరికి చూస్తే గీత గీసినట్టు ఉండేది. కాబట్టి ఒక మాట అనుకుందాం. లైబ్రరీ తెరిచేలోపు ఆ చిత్రికతో నువ్వు బల్ల నున్నగా చేశావా, చిత్రిక నీ దగ్గరే ఉంటుంది, నేను మళ్ళీ ఎత్తను. చెయ్యలేకపోయావా, గుడ్డ చుట్టి మారుమాట్లాడకుండా నాకు పంపించు. నా బీరువాలో ఉంటుంది. పని చెయ్యలేనప్పుడు గోడకన్నా అద్దాల వెనక మర్యాదగా ఉంటుంది.

ఇక నీ పొర. ఒక పక్క మందంగా, ఇంకో పక్క ఉల్లిపొరలా ఉంది. పలక ఒంకరగా కూర్చుంది. చీల వదులు చేసి, పలక మందంగా వచ్చిన వైపు పక్కనుంచి చిన్న సుత్తితో తట్టు. కొట్టకు, తట్టు. తర్వాత చిత్రిక తిరగేసి, కింద చీలికలోంచి పలక అంచు రెండు పక్కలా సమానంగా కనిపిస్తోందో లేదో వెలుతురుకి పెట్టి చూడు.

ఫోను చెయ్యనందుకు సంతోషం. ఫోనులో తిడితే మా ఇంట్లో అందరూ వింటారు. ఉత్తరంలో అయితే నువ్వొక్కదానివే చదువుకుంటావు.

వదిన


చెక్కల దుకాణం, వెనక గది
శుక్రవారం

వదినగారూ,

మీ తిట్లు అందాయి, మెప్పు కూడా అందింది. పందెం ఒప్పుకున్నాను. బీరువాలో అన్నయ్యగారిని షీల్డు పెట్టుకోమనండి, ఆ అర మీకు అవసరం రాదు.

తట్టాను. ఒంకర పోయింది. ఇంతదూరంలో కూర్చుని పొర పట్టుకుని చూసి చెప్పారంటే, డాక్టర్లు కూడా మీ ముందు దిగదుడుపే. ఈసారి పొర రెండు పక్కలా ఒకేలా ఉంది కానీ మధ్యలో బ్లేడుతో కోసినట్టు రెండుగా చీలి వస్తోంది. పంపిస్తున్నాను.

మీ తమ్ముడు రోజుకోసారి వెనక గదిలోకి తొంగి చూసి, "అయిందా?" అని వెళుతున్నారు. నిన్న ఒక ఖాతాదారుతో చెబుతుంటే విన్నాను: "ఆ లైబ్రరీ బల్ల నాన్నా నేనూ కలిసి చేశాం. నేను అప్పటికి ఇంతుండేవాణ్ణి" అని చెయ్యి మోకాలి దగ్గర పెట్టి చూపించారు. ఈ కథ మామయ్యగారు పోయినప్పుడు వచ్చినవాళ్ళకి కూడా చెప్పారు, మీరూ విన్నారుగా. అంత చిన్నప్పుడే పని చేసిన మనిషి ఇప్పుడు చిత్రిక ఎటువైపు పట్టుకోవాలో అడిగితే తల గోక్కుంటున్నారు.

ఇంకో మాట. మామయ్యగారు మిమ్మల్ని ఎప్పుడూ ఇంజను అనే పిలిచేవారు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవారు. మీ నోరు ఆగదనా? నేననలేదు, మీ తమ్ముడు అంటున్నారు.

మీ మరదలు


నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు
బుధవారం

మరదలా,

పొర చీలిందంటే పలక అంచులో గాటు ఉంది. వేలితో తడిమితే దొరకదు, గోరు అంచు వెంట నెమ్మదిగా జరుపు, తగులుతుంది. చిన్న సానరాయి పని కాదది. గాటు పూర్తిగా పోయేదాకా గరుకు రాయి మీద అరగదియ్యి. తిరిగే చక్రం మీద మాత్రం పెట్టకు. వేడెక్కి అంచు నీలంగా మారిందంటే ఆ ఉక్కు చచ్చినట్టే, ఎంత నూరినా పదును నిలవదు. తొందరపడి మా నాన్న ఎదుట ఒక పనివాడు అలా చేస్తే ఆయన కేకలెయ్యలేదు. ఆ పలక తీసుకెళ్ళి తలుపు కదలకుండా కింద అడ్డుగా పెట్టించాడు. వాడు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసుకునేవాడు.

నాన్నకి గొప్పలు చెప్పుకోవడం రాదు. పొర తీసి కిటికీకి అడ్డం పట్టి అవతల వీధి కనిపిస్తే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కోసం ఎంత సేపైనా పని చెయ్యబుద్ధయ్యేది.

మా తమ్ముడి కథ విన్నాను. నాన్న పోయినరోజున కూడా విన్నాను. సరే.

ఇంజను సంగతి వాడినే ఆలోచించుకోమను.

వదిన


లైబ్రరీ, చదువుకునే గది
ఆదివారం

వదినగారూ,

ఈ ఉత్తరం మీ నాన్నగారి బల్ల మీదే పెట్టి రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

గాటు పోయింది. చెక్క ముక్కల మీద చిత్రిక పడితే మీరు చెప్పినట్టే పొరలోంచి వీధి కనిపించింది. నాకు నేనే "ఊఁ" అనుకున్నాను. సంబరంగా చిత్రిక భుజాన వేసుకుని ఇక్కడికి వచ్చాను. ఇక్కడికొచ్చాక అది నా మాట వినడం మానేసింది.

మొదలుపెట్టినప్పుడు బాగానే కదులుతుంది. కాస్త దూరం వెళ్ళి ఆగిపోతుంది. ఇంకా గట్టిగా తోస్తే ముందుకు ఉరికి మళ్ళీ ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా బల్ల మీద మెట్టులా గీత పడుతోంది. పొరలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, పంపిస్తున్నాను. పలక లోపలికి తీసి చూశాను, అప్పుడు అసలు ఏమీ తెగదు. అడుగుభాగం అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్ది సమం చేశాను. చీల మార్చాను. అడుగున మైనం రాశాను. మూడు రోజులుగా భుజాలు నావి కావు.

చదువుకునేవాళ్ళకి వరండాలో పేపర్లు వేశారు. వాళ్ళు పేపరు మీంచి నన్ను చూస్తున్నారు. రంగు రేకుల ఆయన నమూనా ముక్కలు తెచ్చి లైబ్రేరియన్ గారి ముందు పరిచాడు. ఆవిడ మంచిమనిషి, "ఇంకో రెండు వారాలు చూద్దాం" అంది. మీ తమ్ముడు వచ్చి చూసి మొదట నవ్వారు, తర్వాత నా చేతులు చూసి నవ్వడం మానేశారు. "వదిలెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

వదినగారూ, నాకు ఓడిపోవడం చేతకాదు. ఏ మిషనూ నా చేతిలో బాగుపడకుండా వెనక్కి వెళ్ళలేదు. లోపం ఎక్కడుందో చెప్పండి.

మీ మరదలు


నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు
బుధవారం

మరదలా,

ముక్కలు చూశాను. చిత్రికకి ఏ లోపమూ లేదు. నువ్వు చేసిన పని మంచి పని, పలక అంత పదును మా నాన్న చేతిలో తప్ప నేను చూడలేదు. అది నిజం కాబట్టి చెబుతున్నాను, ఊరడించడానికి కాదు.

దాన్ని ముక్కు నుంచి తోక దాకా ఇంకోసారి చూడు. అంతకంటే నేను చెప్పను. ఆ చిత్రిక ఎలా నడిచేదో నన్నడగాల్సినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడగనివాళ్ళకి చెప్పుకుంటూ తిరగడం నాకు అలవాటు లేదు.

వదిన


చెక్కల దుకాణం, వెనక గది
శనివారం

వదినగారూ,

మీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. దాచుకోను. నేను అడిగాను కదా. ఇది నాలుగో ఉత్తరం, అన్నింట్లోనూ అడుగుతూనే ఉన్నాను. మీకూ మీ తమ్ముడికీ మధ్య ఏముందో నాకు తెలియదు. ఆ బల్ల ఏం చేసింది, నేనేం చేశాను?

అయినా పెద్దవారు చెప్పారని ముక్కు నుంచి తోక దాకా చూశాను. తోక దగ్గర చెయ్యి పట్టుకునే పిడి, బిగుతుగానే ఉంది. పలక, చీల, అడుగుభాగం, మీకు చెప్పినవే. నడుం మీద మామయ్యగారి అరచేతికి అరిగిన గుంట ఉంది, అది అలాగే ఉంచాను, గరుకు కాగితం పెట్టలేదు. ముక్కు దగ్గర బొటనవేలు పట్టేంత బెజ్జం ఒకటి, ఈ పక్కనుంచి ఆ పక్కకి పొడుచుకుపోయి ఉండేది. లోపల కందిరీగ మట్టితో గూడు కట్టింది. ముందు అంచు మీద ఎలుక కొరికినట్టు రెండు గాట్లు కూడా ఉన్నాయి. మొదట్లోనే గూడు తవ్వేసి, అదే రంగు చెక్క వెతికి, గుండ్రంగా బిరడాలు చెక్కి రెండు వైపులా జిగురు పెట్టి దించాను. గాట్లు కొంత రుద్దేశాను. వదినగారూ, చెప్పకూడదు కానీ, ఆ పూడ్చిన చోటు నాకే వెతికితేగానీ కనిపించదు. ఈ మొత్తం పనిలో నేను గర్వపడేది దాని గురించే.

ఇంతకంటే ముక్కూ లేదు, తోకా లేదు. మీకు తెలిసింది చెప్పండి. చెప్పనంటే ఒక్క ముక్క రాయండి, గుడ్డ చుట్టి పంపించేస్తాను. అద్దాల వెనక పెట్టుకుని చూసుకోండి.

మీ మరదలు


నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు
సోమవారం

ఓసి నా మరదలా,

నీ ఉత్తరం సగంలో ఆపి లేచి నీళ్ళు తాగి వచ్చాను. తర్వాత మళ్ళీ చదివి పెద్దగా నవ్వాను. మీ అన్నయ్యగారు పెరట్లోంచి వచ్చి ఏమైందని అడిగారు. నా బెజ్జం పూడ్చేశారండీ అన్నాను. ఆయనకి ఏం అర్థమవుతుంది?

అది కందిరీగది కాదే, ఎలుకదీ కాదు. అది నాది.

విను. ఆ చిత్రిక ఒక్కరు పట్టేది కాదు. వెనకనుంచి ఒకరు తొయ్యాలి, ముందునుంచి ఒకరు లాగాలి. ఆ బెజ్జంలోంచి తాడు దూర్చి ముడేసేవాళ్ళం. నువ్వు ఎలుక కొరికిందనుకున్నావే, ఆ గాట్లు తాడు ఒరుసుకుని పడ్డవి. నాన్న తోసేవాడు. నేను లాగేదాన్ని. బడినుంచి రాగానే సంచి పడేసి తాడు అందుకునేదాన్ని. నాన్నకి పనివాళ్ళు లేక కాదు. పనివాళ్ళు లాగితే గుంజుతారు, మా పిల్ల గుంజదు, నాతో పాటు నడుస్తుంది అనేవాడు.

లాగడమంటే బలం కాదు. తాడు బల్ల మట్టానికే ఉండాలి, పైకి లేపితే చిత్రిక ముక్కు లేస్తుంది. ఆయన ఊపిరి పీల్చగానే నేను అడుగు వెనక్కి వెయ్యాలి. వెనక్కి నడుస్తాను కాబట్టి నా ఎదురుగా ఆయన మొహం, మధ్యలో లేస్తున్న పొర. పొర చూసి నీ చిత్రిక రోగాలు ఎలా చెప్పాననుకున్నావు? నా చిన్నతనమంతా దాన్ని చూస్తూ వెనక్కి నడిచాను. వీపుకి గోడ తగిలితే దూలం అయిపోయినట్టు లెక్క. ముందుండి లాగుతాను కాబట్టి ఇంజను అన్నాడు. మీ ఆయనకి చెప్పు, నోటికీ దానికీ సంబంధం లేదని.

బాగా కుదిరిన రోజున మొదటి చివరినుంచి ఆఖరి చివరిదాకా తెగకుండా ఒకే పొర వచ్చేది. దాన్ని తీసి నా చేతికి గాజులా చుట్టేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే. లైబ్రరీ బల్లకి అలా మోచేతి దాకా వేసుకున్నాను.

ఆ బల్ల చేసినప్పుడు మా తమ్ముడు కూడా ఉన్నాడు, నిజమే. బల్ల చివర కూర్చుని బిస్కెట్లు తిన్నాడు. నాన్న పోయినరోజున వాడు అందరి ముందూ "నాన్నా నేనూ చేశాం" అంటుంటే, వాడు అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు. వాడికి నిజంగానే అలా గుర్తుంది. ఆ గుర్తులో నేనెక్కడా లేను. అది నాకు తగిలింది. పెళ్ళైన కొత్తలో మీ అన్నయ్యగారు నా అరచేతుల్లో మచ్చలేమిటని అడిగితే నూతి తాడు అని చెప్పాను. ఆడపిల్ల చిత్రిక లాగిందని అత్తారింట్లో చెప్పకు అని మా అమ్మ నేర్పి పంపింది. నోరు తెరిచి చెప్పనిది నేనే అయినా, ఎవరైనా గుర్తుపెట్టుకుని ఉంటారని ఇన్నేళ్ళూ చూశాను. ఆ చిత్రిక అద్దాల వెనక పెట్టుకుందామనుకున్నది కూడా అందుకే. కనీసం ఆ బెజ్జం రోజూ చూసుకుందామని.

నువ్వు మూడు రోజులు ఒక్కదానివే తోశావు. ఆగినా అంతదూరం నడిపించావంటే సామాన్యురాలివి కాదు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. బిరడాలు తీసెయ్యి. ఒక పక్కనుంచే తొలిచేస్తే అవతల పక్క చెక్క పేలిపోతుంది, రెండు వైపులనుంచీ సగం సగం తొలిచి మధ్యలో కలుపు. అంచులు ఉలితో గుండ్రంగా చెయ్యి, లేకపోతే తాడు తెగుతుంది. గాట్లు రుద్దేశావని బాధపడకు. లాగితే మళ్ళీ పడతాయి.

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. తాడు నేనే తెస్తాను. మా తమ్ముణ్ణి బిస్కెట్లు కొనిపెట్టమను.

నీ వదిన, ఇంజను


చెక్కల దుకాణం, వెనక గది
గురువారం

వదినగారూ,

మీరు బస్సెక్కి నాలుగు రోజులు కూడా కాలేదు, దుకాణం చిన్నబోయింది. నా చేతులింకా మంట పుడుతున్నాయి, మీ చేతులెలా ఉన్నాయి? మందు రాసుకున్నారా?

మీరు చూసింది మీకు చెప్పక్కర్లేదు. మీరు చూడనివి రాస్తాను. మీ కళ్ళు పొర మీదే ఉన్నాయి కాబట్టి మీ వెనకేం జరిగిందో మీకు తెలియదు. మొదటిసారి నేను తొందరపడి ముందే తోశాను, "ఊపిరి పీల్చు, తర్వాత తొయ్యి" అని మీరు కసిరారు. రెండోసారి చిత్రిక కదిలింది చూడండి, వదినగారూ, నాకు బరువే తెలియలేదు. ఇన్నాళ్ళూ నాతో పోట్లాడిన చిత్రిక అదేనా అనిపించింది. వరండాలో పేపరు చదివేవాళ్ళంతా లేచి తలుపు దగ్గరికి వచ్చేశారు. మీరు వెనక్కి నడుస్తూ వస్తుంటే మీకు తగలకుండా దారి ఇచ్చి, గోడకి అతుక్కుని నిలబడ్డారు. లైబ్రేరియన్ గారు మీ వీపుకి తగులుతుందని కుర్చీలు తనే జరిపింది. రంగు రేకుల ఆయన కూడా వచ్చి కాసేపు చూసి, నమూనాల సంచి జిప్పు వేసుకుని వెళ్ళిపోయాడు.

చివరినుంచి చివరిదాకా తెగకుండా ఆ పొర వచ్చినప్పుడు మీ తమ్ముడు ముందుకొచ్చి దాన్ని తీసి మీ చేతికి చుట్టారు కదా. ఆయనకి ఎవరు చెప్పారని మీరు నన్ను పక్కకి తీసుకెళ్ళి అడిగారు. ఒట్టు, నేను చెప్పలేదు. మీ ఉత్తరం ఆయనకి చూపించనే లేదు. మీరు వెళ్ళాక నేనే అడిగాను. దుకాణం తలుపులు వేసి వచ్చి కూర్చున్నారు. తర్వాత అన్నారు: "అక్క అలా వెనక్కి నడుస్తుంటే గుర్తొచ్చింది. నాన్న ఆ పొర అక్కకే చుట్టేవాడు. నాకు కావాలని ఏడ్చేవాణ్ణి. ఇచ్చేవాడు కాదు. ఏడుపు మానడానికే బిస్కెట్లు ఇచ్చేవాళ్ళు." చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు లెక్కలు రాసుకున్నాను.

ఎల్లుండి లైబ్రరీ తెరుస్తారు. నిన్న సాయంత్రం నూనె పట్టించడం పూర్తి చేశాను. ఒక కన్ను మూసి ఈ చివరినుంచి ఆ చివరికి చూశాను. గీత గీసినట్టుంది. "ఊఁ" అన్నాను. గర్వంగా ఉంది వదినగారూ, నా మీద నాకు, మీ మీద ఇంకా ఎక్కువ. బల్ల కింద, ఎవరూ చూడనిచోట, మామయ్యగారి గుర్తు చెక్కి ఉంది, చిన్న గీత ఒకటి. వెల్లకిలా పడుకుని చూస్తే దాని పక్కనే, దానికంటే పొట్టిగా, ఇంకో గీత కూడా ఉంది. అది ఎవరిదో ఇప్పుడు నన్ను ఎవరూ అడగక్కర్లేదు. మీరెప్పుడైనా చూశారా?

అసలు సంగతి చివరికి ఉంచాను. ఈ రోజు పొద్దున దుకాణానికి ఒకాయన వచ్చి, లైబ్రరీ బల్ల మీ నాన్నగారూ మీరూ చేసిందటగా అన్నారు. మీ తమ్ముడు చేతిలో కొలత టేపు కింద పెట్టారు. పెట్టి, దుకాణంలో అందరికీ వినపడేలా చెప్పారు: "నాన్న తోసేవాడు, మా అక్క లాగేది. నేను బిస్కెట్లు తినేవాణ్ణి."

ఇక పందెం. నేను గెలిచానని నాకనిపించడం లేదు. తోసింది నేను, నడిపింది మీరు. చిత్రిక ఎవరిదో మీరే చెప్పండి. మీదంటే రేపే పంపిస్తాను, మనస్ఫూర్తిగా.

మీ మరదలు


నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు
మంగళవారం

మరదలా,

బల్ల కింద రెండో గీత సంగతి నాకు తెలియదు. నేనెప్పుడూ వంగి చూడలేదు. నాన్న ఒక్కమాట చెప్పలేదు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి ఈ రోజు వంట మానేశాను. మీ అన్నయ్యగారే ఏదో చేసి పెట్టారు, ఉప్పు మరిచిపోయారు, అయినా తిన్నాను.

అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన చూసి, ఇక్కడ నుయ్యి కూడా లేదు కదా, ఇదేం తాడు అన్నారు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పాత మచ్చలూ కొత్త బొబ్బలూ ఒకేచోట ఉన్నాయని చూపించాను. ఆయన నా చేతులు చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. మర్నాడు పంపుహౌసులో అందరికీ చెప్పారట. ఇప్పుడు వీధిలో కనిపించినవాళ్ళంతా మేస్త్రిగారూ అని పలకరిస్తున్నారు. నాకు సిగ్గుగా లేదు. చాలా గొప్పగా ఉంది, ఇంకాస్త గట్టిగా పిలిస్తే బాగుండుననిపిస్తోంది.

బీరువాలో పై అరలో ఆయన షీల్డు పెట్టుకున్నారు. దాని పక్కన ఆ పొర చుట్టి పెట్టాను. వచ్చినవాళ్ళు ముందు దాన్నే అడుగుతున్నారు, షీల్డు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆయన ఏమీ అనుకోవడం లేదు.

మా తమ్ముడికి చెప్పు, ఈసారి వచ్చినప్పుడు బిస్కెట్లు నేను తెస్తానని.

చిత్రిక నీ దగ్గరే ఉండనీ. అది పని చేసేచోటే ఉండాలి, నీ చేతిలోనే ఉండాలి. తాడు మాత్రం విప్పి నాతో తెచ్చుకున్నాను, చూసుకోలేదా? పెద్ద బల్ల ఏదైనా వస్తే కబురు పెట్టు. నేను లేకుండా దాన్ని ఎలా నడుపుతావో చూస్తాను.

నీ ఇంజను వదిన